గుత్తకు, కైకిలికి నడుమ

మా నాన్న వడ్లపని, అంటే వడ్రంగం, చేసేవాడు. పరకాల దగ్గర మా ఊళ్లో ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో నాగళ్లకు, గుంటుకలకు, బండి చక్రాలకు ఏడాది పొడవునా మరమ్మతు చేసినందుకు రైతులు కల్లం దగ్గర ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఎవరి నాగలికి ఎన్నిసార్లు మేడి మార్చాడు, ఎవరి కాడిని ఎన్నిసార్లు చెక్కాడు అన్న లెక్క ఎక్కడా రాసుకొనేవారు కాదు. పంట పండితే కొంచెం ఎక్కువ వచ్చేది, కాలం కాకపోతే అందరితో పాటు ఆయనా పస్తులుండేవాడు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలన పడ్డాక ఆయన తలుపులు, కిటికీలు గుత్తకు పట్టి చేయడం మొదలుపెట్టాడు. పని మారింది గాని ఆయన మాట మాత్రం మారలేదు. "ఎంత తీసుకుంటవు?" అని ఎవరైనా అడిగితే "నీకు తెల్వదా పటేలా, చూసియ్యి" అనేవాడు. ఆ చూసి ఇవ్వడంలో మా ఇంటికి ఎంత నష్టం జరిగిందో నేను పెద్దవాడినై, నా పేరు మీద పని పట్టుకున్న తర్వాత గాని నాకు అర్థం కాలేదు.

నేను ఇరవై రెండేళ్లుగా హన్మకొండలో ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. మొదటి ఆరేళ్లు ఇంకొకరి దగ్గర, ఆ తర్వాత సొంతంగా. ఈ కాలంలో ఇల్లు కట్టించుకొనేవారితో నేను పడ్డ గొడవలను, తోటి మేస్త్రీలు, ప్లంబర్లు, పెయింటర్లు పడ్డ గొడవలను తలచుకుంటే వాటిలో నిజంగా మోసం వల్ల వచ్చినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఒకే ఒక్క తికమక వల్ల వచ్చాయి. ఆ తికమక ఏమిటో చెప్పడానికి మన పల్లెల్లో ఉన్న మూడు మాటలే చాలు.

జీతం, కైకిలి, గుత్త. జీతం ఉన్నవాడు ఏడాదికి తన కాలమంతా ఒక ఇంటికి ఇచ్చినవాడు. ఆ ఇంటివారు ఏ పని చెప్తే ఆ పని చేయాలి. కైకిలి పోయినవాడు ఒక రోజును అమ్ముకున్నవాడు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేదాకా చెప్పినట్టు చేస్తాడు, ఎంత పని అయింది అన్నది అతని బాధ్యత కాదు. గుత్తకు పట్టినవాడు పనిని అమ్మినవాడు. రెండెకరాల వరి కోత ఇంతకు అని ఒప్పుకున్నాక అతను పది మందిని తెస్తాడో, ఇరవై మందిని తెస్తాడో, వెన్నెల్లో కోస్తాడో అతని ఇష్టం, కాని వానొచ్చి కోత రెండు రోజులు ఆగితే ఆ నష్టం కూడా అతనిదే. ఈ తేడా చదువురాని మా అమ్మమ్మకు కూడా స్పష్టంగా తెలుసు. పొలంలో అందరికీ తెలిసిన ఈ తేడాను ఇల్లు కట్టే దగ్గరికి వచ్చేసరికి మనం ఎందుకు మరిచిపోతున్నామన్నదే నన్ను ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న.

ఇల్లు కట్టించుకొనేవారు గుత్త ధర మాట్లాడుకొని కైకిలి మనిషి మీద ఉండే అధికారం కోరుకుంటారు. "పది గంటలైంది, ఇంకా రాలేదేంది?" అని ఫోను చేస్తారు. మనిషి వెనకాల కుర్చీ వేసుకొని కూర్చుంటారు. అదే సమయంలో గుత్త పట్టినవాడు గుత్తలో ఉన్న స్వేచ్ఛను కోరుకుంటూ కైకిలిలో ఉన్న భద్రతను కూడా అడుగుతాడు. తన అంచనా తప్పి పది రోజులు ఎక్కువ పడితే "నాకు గిట్టలేదు సార్, కొంచెం కలిపియ్యండి" అంటాడు. నేను కూడా అన్నాను. ఈ రెండూ తప్పే. గుత్త మాట్లాడుకున్నాక అంచనా తప్పిన నష్టం నాది, అంచనాకు ముందే ముగించిన లాభమూ నాది. అదే విధంగా, ఏ రోజు ఏ గంటకు ఎవరు వచ్చి ఏ గోడ పట్టుకోవాలన్నది నా నిర్ణయం. ఏ దశ ఏ తేదీకి పూర్తి కావాలన్నది మాత్రం ఇంటివారికి అడిగే హక్కున్న విషయం.

చట్టం కూడా ఇదే గీత గీస్తుంది, అయితే దాన్ని గీయడం ఎంత కష్టమో కోర్టులకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో వచ్చిన తీర్పు నాకు చాలా ఇష్టమైనది. ఆ దుకాణంలో దర్జీలు కుట్టినన్ని బట్టలకు అన్ని డబ్బులు తీసుకొనేవారు. కాబట్టి వాళ్లు స్వతంత్రులని యజమాని వాదన. పని చేసేది యజమాని దుకాణంలో, మిషన్లు చాలావరకు యజమానివే, కుట్టింది నచ్చకపోతే మళ్లీ కుట్టమని చెప్పే హక్కు యజమానిదే అయినప్పుడు, డబ్బు రోజుకు ఇచ్చినా బట్టకు ఇచ్చినా వాళ్లు అతని ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. పనిముట్లు ఎవరివి, ఆజ్ఞ ఎవరిది, నష్టం ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పకుండా కేవలం డబ్బు లెక్కించే పద్ధతిని చూసి సంబంధాన్ని పేరు పెట్టి పిలవలేమన్నది నేను అందులో నుంచి తీసుకున్న పాఠం. నా డ్రిల్లు మిషన్ నాది, నిచ్చెన నాది, నా వెంట వచ్చే కుర్రాళ్లకు కూలి ఇచ్చేది నేను. కాబట్టి నేను ఎవరి జీతగాడినీ కాను, ఆ మాటకు తగ్గ బాధ్యత కూడా నా మీద ఉంది.

ఆ బాధ్యతలో మొదటిది కాదనగలగడం. కాజీపేటలో ఒక ఇంట్లో నేను పెట్టిన ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు, వారానికి రెండు మూడుసార్లు దానంతటదే పడిపోతోందని ఇంటాయన విసిగిపోయాడు. ఆ పరికరం చేసే పని చాలా సరళమైనది: ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని చూస్తుంది, ఆ రెండింటి మధ్య తేడా 30 మిల్లీ ఆంపియర్ల స్థాయికి చేరితే సరఫరా ఆపేస్తుంది. ఎందుకంటే ఆ తేడా మొత్తం ఎక్కడో ఒక తడి గోడ గుండానో, మనిషి ఒంటి గుండానో భూమిలోకి పోతోందని అర్థం. ఒక్కొక్క సర్క్యూట్ విప్పి చూస్తే పైఅంతస్తు గీజర్‌లో ఎలిమెంట్ పాడైంది. గీజర్ బాగు చేయించమన్నాను. "గీజర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ డబ్బా తీసెయ్యి, పైసలిచ్చేటోన్ని నేను గదా" అన్నాడు. నేను తీయలేదు. కైకిలి మనిషికి ఆ మాట చెప్పే చోటు ఉండదు, కాని నాకు ఉంది, ఉండాలి కూడా. ఆయన మరొకరిని పిలిపించి దాన్ని పక్కకు తప్పించి లైను కలిపించుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మళ్లీ వెళ్లి ఆయన భార్యకు, పెద్ద కొడుకుకు కూర్చోబెట్టి వివరించాను, గీజర్ మార్పించాకే ఆ విషయం వదిలిపెట్టాను.

ఇక భీమారంలో జరిగింది చెప్పాలి, ఎందుకంటే అక్కడ తప్పు నాది. రిటైరైన ఉపాధ్యాయుడొకాయన ఇల్లు కట్టించుకుంటూ వైరింగ్ లేబర్ నాకు 1,35,000 రూపాయలకు గుత్తకు ఇచ్చాడు. మంచి మనిషి, దశలవారీగా అడగకుండానే డబ్బు ఇచ్చేవాడు. గోడల కటింగ్ అయిపోయి, పైపులు, బాక్సులు పెట్టి, ప్లాస్టరింగ్ కూడా జరిగిన తర్వాత వాళ్లబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి హాల్లో, రెండు పడకగదుల్లో ఫాల్స్ సీలింగ్ వేయించాలన్నాడు. దానికి 22 లైట్లు, అదనంగా రెండు ఏసీ పాయింట్లు, టీవీ గోడ ఈ పక్క నుంచి ఆ పక్కకు. మాస్టారు నా వైపు చూసి "అయితది గదా తమ్మీ?" అని అడిగాడు. నేను "అయితది సార్, చూద్దాం" అన్నాను. ఎంతవుతుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు నిలబడ్డ చోటు కూడా నాకు గుర్తుంది. తడి ప్లాస్టరింగ్ వాసన, కిటికీ దగ్గర సిమెంటు సంచి మీద ఆయన పెట్టుకున్న కళ్లజోడు. ఒక్క నిమిషం పట్టే మాట అది. నోరు రాలేదు.

పని ముగిసిన రోజు అదనపు పనికి 31,000 అని చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. ఆ 31,000 ఇవ్వలేదు సరికదా, గుత్తలో మిగిలిన 15,000 కూడా ఆపేశాడు. నేను కోపంతో మాట్లాడాను, ఆయనా మాట్లాడాడు. ఎనిమిది నెలల తర్వాత ఆయన బావమరిది మా ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం 46,000కు గాను 28,000 ఇప్పించాడు. ఆ రోజు మాస్టారు అన్న మాటే నా పద్ధతిని మార్చింది: "ఇరవై రెండు లైట్లకు ఇంత అయితదని ముందుగాల చెప్తే నేను పన్నెండే పెట్టించుకుందును గదా తమ్మీ." అప్పటిదాకా నేను చేసిన పనికి డబ్బు రాలేదన్న ఒక్క కోణమే నాకు కనిపించింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరికి చేసిన పని వల్ల వారు లాభం పొందితే దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి కాబట్టి చట్టం నా వైపే ఉందని నాకు ఎవరో చెప్పారు కూడా. కాని ఆ మాట విన్నాక ఆయన పోగొట్టుకున్నదేమిటో తెలిసింది. వద్దనే అవకాశం ఆయనకుండాలి. నా మౌనంతో దాన్ని తీసేశాను.

అందుకే నేను కార్బన్ పేపర్ పెట్టి రాసే రశీదు పుస్తకమొకటి కొన్నాను. ఇంట్లో ఏ చిన్న మార్పు చెప్పినా గోడ ముట్టకముందే అందులో ఒక చీటీ రాస్తాను. తేదీ, గది, మార్పు ఏమిటి, ఎన్ని పాయింట్లు, ఎంత డబ్బు, పని ఎన్ని రోజులు వెనక్కు జరుగుతుంది, కింద ఇద్దరి సంతకాలు. "పైఅంతస్తు తూర్పు పడకగది, మంచం అటు మారినందున టూ వే స్విచ్ ఒకటి, రెండు సాకెట్లు, 1,400 రూపాయలు, రోజులు మారవు." ఇంతే ఉంటుంది చీటీ. పైకాగితం ఇంటివారికి, కిందిది నాకు. దీని వల్ల నాకు అదనపు డబ్బు వస్తుందని మొదట అనుకున్నాను. నిజానికి దాదాపు సగం చీటీలు డబ్బు చూశాక రద్దవుతాయి, "అంత అవసరం లేదులే" అంటారు. అలా రద్దయిన ప్రతి చీటీ జరగకుండా ఆగిపోయిన ఒక గొడవ అని నా నమ్మకం.

రాతకోతలు పెట్టుకుంటే నమ్మకం పోతుందని చాలామంది అంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. మన ఇళ్లలో పెళ్లి జరిగితే చదివింపులు రాయడానికి ఇంటి మనిషి ఒకరు నోటుపుస్తకం పట్టుకొని కూర్చుంటారు. మేనమామ ఎంత చదివించాడో, పక్కింటివారు ఎంత చదివించారో పేరుపేరునా రాస్తారు, దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. ఏనుమాముల మార్కెట్‌కు పదిహేను బస్తాల మిర్చి తీసుకుపోయిన రైతు తూకం, ధర రాసిన చీటీ, తక్‌పట్టీ, చేతికి రానిదే బయటికి రాడు. అలాంటి ఊళ్లో జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో కట్టే ఇంటి పని మాత్రం నోటిమాట మీద నడవాలనడంలో న్యాయం నాకు కనిపించదు. నోటిమాట ఒప్పందం కూడా చట్టం ముందు చెల్లుతుంది, అది నిజమే. కాని ఇద్దరిలో ఒకరి జ్ఞాపకం మారితే దాన్ని నిలబెట్టేవారు ఎవరు?

ధర ముందుగా అడగడానికి, చెప్పడానికి మనం పడే మొహమాటానికి ఈ నేలలో లోతైన కారణం ఉందని కూడా అనుకుంటాను. నిజాం కాలంలో దొరల గడీలకు వడ్లవారు, కుమ్మరులు, చాకలివారు కూలి లేకుండా వెట్టి చేయవలసి వచ్చింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి పోవాలన్నది ముఖ్యమైన డిమాండు. వెట్టి పోయింది, కాని పని చేసేవాడు నోరు తెరిచి ధర అడిగితే అది పొగరుగా కనిపించడం, పని చేయించుకొనేవాడు ఇచ్చేదే దయగా అనిపించడం మన మాటతీరులో ఇంకా మిగిలే ఉన్నాయి. మా నాన్న "చూసియ్యి" అన్నది వినయం వల్ల మాత్రమే అని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. అడిగే హక్కు తనకుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చీటీ రాసి ఇచ్చినప్పుడు కొందరు "ఏందయ్యా, ప్రతిదానికీ పైసలేనా?" అంటారు. అప్పుడు నాకు ఆయనే గుర్తుకొస్తాడు, గొంతు తగ్గించకుండా, మర్యాద తప్పకుండా "అవును సార్, ఈ పనికి ఇంత" అని చెప్తాను.

చివరి డబ్బు గురించి ఇల్లు కట్టించుకొనేవారికి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే ఇది వారికి కనిపించదు. 2,400 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 50 రూపాయల చొప్పున లేబర్ గుత్త 1,20,000 అనుకుందాం. ఒక వైర్‌మ్యాన్‌కు రోజుకు 1,000, హెల్పర్‌కు 700 చొప్పున 52 రోజులకు 88,400. కటింగ్ బ్లేడ్లు, డ్రిల్ బిట్లు, పెట్రోలు, సామాను మోసే ఆటో కలిపి 6,600. మొత్తం ఖర్చు 95,000. మిగిలింది 25,000. ఎనిమిది నెలల పాటు సాగే ఆ ఇంటిలో నా అంచనా నైపుణ్యానికి, బాధ్యతకు, పరుగులకు దక్కేది అదే. కూలీలకు నేను వారం వారం ఇవ్వాలి, వాళ్లకు ఆపలేను, ఆపకూడదు. కాబట్టి "చివరన చూసుకుందాం" అని ఇంటివారు ఆపే 20,000 గుత్తలో ఆరో వంతే కావచ్చు, నా సంపాదనలో మాత్రం ఐదింట నాలుగు వంతులు. గృహప్రవేశానికి వేల మందికి భోజనాలు పెట్టి, వైరింగ్ బాకీ మాత్రం ఏడాది సాగదీసేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

అయినా కొంత డబ్బు ఆపుకోవడం అన్యాయమని నేను అనను. పని చేసినవాడు మళ్లీ ముఖం చూపించడన్న భయం ఊరికే పుట్టలేదు. నా పద్ధతిలో స్లాబు పైపింగ్‌కు 20 శాతం, గోడ కటింగ్, బాక్సులకు 25, వైరు లాగడానికి 25, స్విచ్చులు, ఫ్యాన్ల ఫిట్టింగ్‌కు 20, మీటరు వచ్చి మొత్తం పరీక్షించి చూపించాక చివరి 10. ఆ పది శాతంలో సగాన్ని మూడు నెలలు ఆపుకోమని నేనే చెప్తాను, అయితే ఏ తేదీకి ఇస్తారో, ఏ లోపం కనిపిస్తే ఆపుతారో ముందే రాసుకుంటాం. తేదీ, కారణం రెండూ రాసి ఉన్నప్పుడు ఆపుకున్న డబ్బు ఇద్దరికీ హామీగా ఉంటుంది. కారణం లేకుండా ఆపితే అది అప్పు ఎగవేత కిందికే వస్తుంది.

మా వైపు తప్పులు కూడా దాచకూడదు. ఏకకాలంలో నాలుగు ఇళ్లకు బయానా తీసుకొని, ఒక్కొక్క చోట ఒక నిచ్చెన, ఒక పైపుల కట్ట పడేసి, పని మొదలైనట్టు చూపించి మాయమయ్యేవారు మాలో ఉన్నారు. నాలుగు ఇళ్లు పట్టుకోవడం తప్పు కాదు. వైరింగ్ పని మేస్త్రీ వేగాన్ని బట్టి నడుస్తుంది. స్లాబు సెంట్రింగ్ మీద కడ్డీ కట్టిన రోజు మేము ఉండాలి, ఆ తర్వాత గోడలు లేచేదాకా నెల, రెండు నెలలు మాకు అక్కడ పనే ఉండదు. ఒకే ఇంటిని నమ్ముకుంటే మా పిల్లలు పస్తులుంటారు. ఈ సంగతిని మొదటి రోజే చెప్పి, "మీ ఇంటికి ఈ నాలుగు సందర్భాల్లో వస్తాను, రెండు రోజుల ముందు మేస్త్రీతో ఫోను చేయించండి" అంటే అర్థం చేసుకోనివారు నాకు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో ఎదురయ్యారు. చెప్పకుండా ఫోను ఎత్తడం మానేయడమే అసలు దోషం. ఇంటాయన కుర్చీ వేసుకొని కాపలా కూర్చునేది ఆ మౌనాన్ని చూసే.

సామాను కమీషన్ అంతకంటే పెద్ద విషయం. ఇల్లు కట్టించుకొనేవారితో కలిసి దుకాణానికి వెళ్లి ఫలానా వైరు, ఫలానా స్విచ్చులు కొనమని చెప్పినందుకు దుకాణంవారు మాకు కొంత ఇవ్వడం, వైరు పెట్టెల్లో కంపెనీలు ఎలక్ట్రీషియన్ కోసం కూపన్లు పెట్టడం, ఇప్పుడైతే ఫోనుతో స్కాన్ చేస్తే పాయింట్లు రావడం ఈ రంగంలో అందరికీ తెలిసిందే, ఇంటివారికి తప్ప. పన్నెండేళ్లు నేను తీసుకున్నాను. ఒకరోజు ఒక అక్క నన్ను పూర్తిగా నమ్మి, లెక్క చూడకుండా బిల్లు కట్టి బయటికి నడిచాక, కౌంటర్ మీద నాకు వచ్చిన కవరు జేబులో పెట్టుకుంటూ ఆమె స్కూటరు వెనక కూర్చున్నాను. దారి పొడవునా ఆమె మా పాప చదువు గురించి అడుగుతూనే ఉంది. ఆ రోజు తర్వాత నేను తీసుకోలేదు. నా సలహాకు డబ్బు ఇచ్చేది ఆమె అయినప్పుడు, ఆ సలహాను దుకాణానికి కూడా అమ్మితే నేను ఇద్దరిలో ఎవరి మనిషిని? ఇప్పుడు సామాను జాబితా, వైరు మందం, ఎన్ని కట్టలు కావాలో కాగితం మీద రాసి ఇస్తాను, లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్లు అని. ఎక్కడైనా కొనుక్కోమంటాను. నా గుత్త ధర ఆ మేరకు కొంచెం పెరిగింది, ఎందుకు పెరిగిందో అడిగినవారికి కారణం కూడా చెప్తాను. కొందరు తక్కువ చెప్పినవారి దగ్గరికి వెళ్లిపోతారు. అది వారి హక్కు.

గొడవ ముదిరితే ఇద్దరి ముందున్న దారులు సమానంగా లేవన్నది కూడా గమనించాలి. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇంటి నిర్మాణం కూడా సేవే. లోపం ఉంటే ఇంటివారు రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. జీతగాడి సేవను ఆ చట్టం మినహాయించింది, గుత్త సేవను మినహాయించలేదు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లో వైద్యుల కేసులో వివరంగా చెప్పింది. డబ్బు రాని గుత్తదారుకు మాత్రం ఆ తలుపు లేదు, పని ముగిసిన మూడేళ్లలోగా సివిల్ కోర్టుకే వెళ్లాలి. పదిహేను వేల కోసం ఎవరు వెళ్తారు? కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొని లోక్ అదాలత్‌లో రాజీ పడే వీలుంది, ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. అక్కడ కూడా మొదట అడిగేది కాగితమే. పన్ను విషయం ఒక్క మాటలో చెప్తాను: ఏడాదికి 20 లక్షలు దాటని సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ లేనివాడు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు.

పని ముగిశాక సంబంధం ఎక్కడిదాకా ఉంటుందన్న ప్రశ్నకు కూడా నా దగ్గర కాగితం మీద ఒక సమాధానం, మనసులో మరొకటి ఉన్నాయి. 2023 జూలై చివర కురిసిన వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగినప్పుడు నేను పదేళ్ల కింద వైరింగ్ చేసిన ఇళ్ల నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. అది నా పనిలో లోపం కాదు, నా పూచీ కాలం ఎప్పుడో తీరిపోయింది. అయినా బురద నిండిన బాక్సులు తెరిచి, సరఫరా ఇవ్వడానికి ముందు ఒక్కొక్క సర్క్యూట్ పరీక్షించడానికి నేను, నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు తొమ్మిది రోజులు తిరిగాం. పరీక్షకు డబ్బు తీసుకోలేదు, మార్చిన సాకెట్లకు, వైరుకు తీసుకున్నాం, అది కూడా ముందే చెప్పి. ఆ రోజుల్లో మాస్టారి ఇంటికి కూడా వెళ్లాను. నీళ్లు గడప దాకా వచ్చి ఆగిపోయాయి, ఇంట్లోకి రాలేదు. ఆయన చాయ్ తాగి వెళ్లమన్నాడు, తాగాను. పాత లెక్క ఇద్దరమూ ఎత్తలేదు.

ఈ వారం హసన్‌పర్తిలో ఒక ఇంటి పని నడుస్తోంది. మొన్న సాయంత్రం ఇంటాయన వచ్చి బోరు మోటారు స్టార్టర్‌ను మెట్ల కింద నుంచి వంటగది వెనక గోడకు మార్చాలన్నాడు. పద్నాలుగో చీటీ రాశాను: కేబుల్ పదకొండు మీటర్లు అదనం, గోడ కటింగ్ ఒక పూట, లేబర్ 2,600 రూపాయలు. నేను సంతకం పెట్టాను. ఇంట్లో అడిగి చెప్తానని ఆయన పైకాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని వెళ్లాడు. నా పుస్తకంలో ఆ చీటీ కింద ఇంకా ఒక సంతకమే ఉంది. ఆ గోడకు మా కుర్రాళ్లు సుద్దముక్కతో గీత గీసి, కటింగ్ మిషన్ పక్కన పెట్టి, ముందు గదిలో వైరు లాగుతున్నారు.